ముప్పై ఒకటో కొక్కెం

కార్వర్స్ ఫాల్స్ హైస్కూల్లో తొమ్మిదో నంబరు గది తలుపు పక్కన, గోడకి ముప్పై ఒక్క కొక్కేలుంటాయి. పొద్దున ఎనిమిదీ పదికి గంట కొట్టగానే ఫ్రెంచి పిల్లలు వరసగా వచ్చి, ఎవరి పేరు వాళ్ళు కొక్కెం మీంచి తీసుకుని తొడుక్కుంటారు. ఇంట్లో పెట్టిన పేర్లు గది బయటే. లోపల సిల్వీ, మార్గో, బ్రూనో, ఒడెట్. పాఠం అయ్యాక విప్పి మళ్ళీ తగిలించి, లెక్కల క్లాసుకి కైలీలుగా, బ్రాడీలుగా పోతారు. జూన్లో ఫ్రెంచి టీచరు మదామ్ హాస్కెల్ పేర్లన్నీ బయట గడ్డి మీదకి మోసుకొచ్చి, దులిపి, ఒక పూట ఎండబెట్టి, కలరా ఉండలు వేసి మూట కడుతుంది. సెప్టెంబరులో మళ్ళీ కొత్త పిల్లలు.

తొడుక్కున్నవాళ్ళ వాసన ఎంతో కొంత పేరుకి పట్టుకునే ఉంటుంది. 'మార్గో' దొరికిన ఏ పిల్లకీ ఫ్రెంచిలో నిన్న జరిగిన సంగతి చెప్పడం చేతకాదు. ఎప్పటిదో ఒక మార్గో ఏడాదంతా కిటికీలోంచి ఫుట్‌బాల్ మైదానాన్ని చూస్తూ కూచున్న పాపం అది. 'బ్రూనో' జేబుల నిండా చూయింగ్ గమ్ కాగితాలు. పేరు జేబులో దొరికింది ఏదైనా సరే అక్కడే వదిలెయ్యాలి, అది తరవాత వచ్చేవాళ్ళది. ఆ గదిలో మొదట నేర్పేది ఇదే, ఆ తరవాతే నమస్కారాలూ అంకెలూ.

టెస్‌కి పదిహేనేళ్ళు, ఫ్రెంచి రెండో ఏడు. కిందటేడు దానికి 'క్లోయే' దొరికింది. ఆ పేరు స్నానానికి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ అంత బరువుంటుంది, ఒంటి మీద ఉన్నట్టే తెలీదు, జూన్లో విప్పేస్తే ఏమీ మిగల్లేదు. ఈ ఏడు మొదటి రోజే ఆలస్యంగా వచ్చింది. దాని తల్లి లొరీన్ స్కూలు బస్సు నడుపుతుంది. ఊరి పిల్లలందర్నీ వేళకి దింపే ఆ మనిషి కూతురు మాత్రం నడిచే రావాలి, ఎందుకంటే వాళ్ళిల్లు స్కూలుకి రెండు వీధులే, అంత దగ్గర వాళ్ళకి బస్సు ఆపకూడదని రూలు. టెస్ వచ్చేసరికి పేర్లన్నీ ఎవరో ఒకరి ఒంటి మీదున్నాయి. చివరి కొక్కేనికి ఒక్కటే వేలాడుతోంది. ముదురు గోధుమరంగు ఉన్ని కోటు, ఎడమ మోచేతి దగ్గర అతుకు, తడిసిన ఉన్ని వాసన. పేరు ఫిలోమెన్.

అది తను ఉద్యోగంలో చేరకముందు నుంచీ అక్కడే ఉందనీ, ఎవరూ తొడుక్కోరనీ, రెండు రోజులు ఆగితే ఇంకోటి తెప్పిస్తాననీ మదామ్ చెప్పింది.

"పర్లేదు మదామ్" అంది టెస్. చేతులు దూరిస్తే సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. జేబులో పెన్సిలు ముక్క తగిలింది, బొటనవేలంత, చివర పంటిగాట్లతో. దాన్నక్కడే వదిలేసింది.

మదామ్ హాస్కెల్ రాష్ట్రానికి దక్షిణపు కొసనుంచి వచ్చిన మనిషి. కాలేజీ రోజుల్లో ఒక ఏడాది ఫ్రాన్సులో ఉంది. ఆ ఒక్క ఏడాదినే ఇరవై రెండేళ్ళుగా మా పిల్లలకి వడ్డిస్తోంది. ఆవిడ ఫ్రెంచి ఇస్త్రీ పెట్టిన ఫ్రెంచి. ఆ రోజు ఆవిడ అందర్నీ అడిగినట్టే టెస్‌నీ అడిగింది, "గ్రీష్మమున నీవేమి చేసితివి?" అని. 'నేను మాతామహితో కలసి నదికి పోయితిని' అని టెస్ మనసులో చక్కగా పేర్చుకుంది. నోరు తెరిస్తే మాత్రం ఇట్లా వచ్చింది:

"మా ముసిలిదానితో ఏటికి సేపలకెల్లినాను. ఒక్కటీ పడనేదు."

మదామ్ ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారీ అదే వచ్చింది. ఆ వారం రాత పరీక్షలోనూ అంతే. మదామ్ ఆ కాగితం మీద ఎర్రసిరాతో 'ఇది ఫ్రెంచి కాదు' అని రాసింది. కాసేపు ఆలోచించి పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది. ఆవిడ చెడ్డమనిషి కాదని అందుకే అంటాను.

పాఠం అయ్యి కోటు విప్పగానే టెస్ నోట్లోంచి ఆ మాటలు పోయేవి. చెవిలో మాత్రం కొంచెం కొంచెం మిగిలేవి.

ఆ ముసలమ్మ సంగతి చెప్పాలి. టెస్ ఆమెని మెమేర్ అంటుంది, మా ఊళ్ళో అమ్మమ్మల్ని అట్లాగే అంటారు. ఊరికి ఆమె ఫిలిస్. పోస్టు డబ్బా మీద ఫిలిస్, చర్చి చందా కవర్ల మీద ఫిలిస్, చెప్పుల ఫ్యాక్టరీలో నలభై ఒక్క ఏళ్ళు కుట్టు మిషను మీద కూచున్న ఫిలిస్. ఆమె చిన్నప్పుడు, ఊళ్ళో సగం ఇళ్ళలో మాట్లాడేది ఫ్రెంచే అయినా, మా రాష్ట్రంలో బళ్ళో ఫ్రెంచి మాట్లాడకూడదని చట్టం ఉండేది. ఫ్రెంచి పాఠం జరిగే గదిలో తప్ప. ఆ పాఠానికి బయటి నుంచి తెప్పించిన ఫ్రెంచి కావాలి, అమ్మ ఒడిలో నేర్చుకున్నది పనికిరాదు. తల్లిపాలు తాగే పిల్లని లాగేసి డబ్బాపాలు పట్టి, పైగా పాలు తాగడం మేం నేర్పామని మార్కులేసుకునే తెలివి అది. మైదానంలో ఒక్క మాట దొర్లితే బోర్డు ముందు నిలబెట్టేవాళ్ళు. ఫిలిస్ తన పిల్లలకి ఆ నిలబడ్డం వద్దనుకుంది. లొరీన్‌కీ, ఆమె తమ్ముడు గ్యారీకీ ఒక్క మాట నేర్పలేదు. ఆ భాషని పేగులో ముడేసుకుని యాభై ఏళ్ళు ఇంగ్లీషులోనే వండింది, ఇంగ్లీషులోనే ఏడిచింది.

అక్టోబరులో ఒక శనివారం, బీన్సు పొయ్యి మీద ఉండగా, వంటింట్లో పడిపోయింది. గ్యారీ పక్కూరి నుంచి తల్లిని చూసిపోదామని వచ్చాడు, పడి ఉన్న ఆమెని మొదట చూసింది వాడే. ఆరు రోజుల తరవాత ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చారు. కుడిచెయ్యి బరువెక్కింది. ఇంగ్లీషు మొత్తం పోయింది, పలక మీంచి తుడిచేసినట్టు. వాళ్ళు చెప్పేది ఆమెకి తెలీదు, ఆమె చెప్పేది వాళ్ళకి తెలీదు. లొరీన్‌కి వచ్చిన ఫ్రెంచల్లా మూడు తిట్లూ, ఒక జపమాలా. ఆకలేస్తోందా అని అడగడానికి అవి రెండూ చాలవు. గ్యారీ తల్లి ఏటికి అవతలి ఒడ్డున ఉన్నట్టు ఇంగ్లీషులోనే గట్టిగా అరిచేవాడు. వాడు చెడ్డవాడని కాదు. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడల్లా వాడి కళ్ళు ముందు వంటింటి నేల మీదకే పోయేవి.

టెస్ బడిలో చేసినట్టే చేసింది. ఫ్రెంచి మొదటి ఏడు పిల్లలు గదిలో తలుపుకి తలుపనీ కిటికీకి కిటికీ అనీ చీటీలు అంటిస్తారు కదా, అట్లా వంటింటి నిండా అంటించింది. మెమేర్ ఎడంచేత్తో ఒక్కొక్కటీ పీకి ఒళ్ళో పోసుకుంది. కుర్చీ చీటీ పట్టుకుని మనవరాలి వైపు ఊపింది.

"కుర్సీకి కుర్సీ అని రాసినావేటే? దానికి సదువొచ్చేటి?"

టెస్‌కి అర్థమైంది. అందులో ఒక్క ముక్క కూడా మదామ్ నేర్పింది కాదు, అయినా అర్థమైంది. గ్లాసు చేతిలోకి తీసుకుని తనకొచ్చిన ఫ్రెంచిలో జాగ్రత్తగా అడిగింది, "అవ్వా, జలము త్రాగెదవా?"

మెమేర్ సగం నోటితో నవ్వింది. "ఓలమ్మో, బిషప్పుగారొచ్చినారు. తాగుతానండి సామీ, ఇయ్యండి."

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. లొరీన్ బస్సు తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది, ఏమందే ఏమందే అని అడుగుతూ.

కానీ గ్యారీ అప్పటికే కాగితాలు పెట్టేశాడు. లొరీన్ పొద్దున్నా మధ్యాహ్నమూ బస్సు మీదుంటుంది, టెస్ బడిలో ఉంటుంది, మాట తెలియని మనిషిని ఒంటరిగా వదలడం ఎట్లా అన్నది వాడి వాదన. అరవై మైళ్ళ అవతల ఒక వృద్ధుల హోముంది. తలుపులకి బయటి నుంచి గడి. అక్కడ నర్సులందరిదీ ఇంగ్లీషే. మెమేర్ ఇంట్లో ఉండొచ్చా, అక్కడికి పోవాలా అని తేల్చడానికి రాజధాని నుంచి డన్హమ్ అనే అధికారి గురువారం నాలుగింటికి వచ్చాడు. సన్నటి మనిషి, తడిసిన బూట్లు, చంకలో ప్లాస్టిక్ ఫైలు.

చట్టం ప్రకారం ఫోన్లో దుబాసీని పెట్టాడు. ఎక్కడో వెయ్యి మైళ్ళ అవతలి ఆడమనిషి. చక్కని గొంతు, మడత నలగని ఫ్రెంచి.

"అమ్మా, తమ నామధేయమేమి?"

మెమేర్ ఫోను వంక చూసింది. పెదాలు కదిపింది. లోపల వెతుక్కుంటున్నట్టు కళ్ళు మూసుకుని తెరిచింది.

"పేరా? బడిలో ఉండిపోనాది."

పాఠశాల గురించి ఏదో అంటున్నారనీ, మిగతాది స్పష్టంగా తెలియలేదనీ దుబాసీ చెప్పింది.

"పేరు బడిలో ఉండిపోయిందంటోంది" అంది టెస్.

డన్హమ్ తలూపి తన కాగితంలో నాలుగో గడి దగ్గర టిక్కు పెట్టాడు. 'పేరు దగ్గర లేదు' అని అచ్చులోనే ఉంటుంది ఆ గడి. ఏడాదికి ఇద్దరు ముగ్గురు అట్లాంటివాళ్ళు తగులుతారట ఆయనకి. పేరు దగ్గర లేని మనిషిని ఎక్కడుంటావని అడిగే అధికారం తనకి లేదనీ, వాళ్ళ తరపున కుటుంబమే నిర్ణయించాలనీ మెల్లగా చెప్పాడు.

"నిర్ణయం అయిపోయింది" అన్నాడు గ్యారీ, నేల వంక చూస్తూ.

లొరీన్ కాదనలేదు, అవుననలేదు. డన్హమ్ ఇద్దర్నీ చూశాడు, టెస్‌ని చూశాడు, ఫైలు మూశాడు. "వచ్చే గురువారం మళ్ళీ వస్తాను. ఈలోగా దొరికితే సరే. దొరక్కపోతే సంతకం మీరు పెడుదురుగాని."

ఆయన పోయాక టెస్ కుర్చీ లాక్కుని మెమేర్ మోకాళ్ళ దగ్గర కూచుంది. "ఏ పాఠశాల యందు, అవ్వా?"

"ఎన్ని బళ్ళున్నాయేటి ఈ ఊర్లో?" మెమేర్ విసుక్కుంది. "తొమ్మిదో గది. తలుపు పక్కన కొక్కేనికి తగిలించీయమంది ఆ టీచరమ్మ. తగిలించీసినాను. మంచి ఉన్నిది. మోసేతికాడ మా యమ్మే అతుకేసినాది."

టెస్ తన ఎడమ మోచెయ్యి పట్టుకుంది. పొద్దున కూడా అక్కడే ఆ అతుకు గరగరలాడింది. మాటలు పేర్చుకుని అడిగింది.

"దాని కోశమునందు చిన్న పెన్సిలు గలదా?"

మెమేర్ కుర్చీలో ముందుకి వంగింది. "నీకెలాగ తెలిసినాదే గుంటా?"

మర్నాడు టెస్ ఏడున్నరకే తొమ్మిదో గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. మదామ్ హాస్కెల్ విని, ముందు రూలు చెప్పింది. పేర్లు జూన్ దాకా గది దాటకూడదు. దాటిస్తే టెస్‌కి ఈ ఏడాది ఇంక పేరుండదు, మిగిలినవన్నీ పిల్లల ఒంటి మీదున్నాయి, ఏడాది మధ్యలో కొత్తది తెప్పించడానికి కుదరదు. పేరు లేని పిల్లకి మార్కులెయ్యడానికి రిజిస్టరులో చోటు లేదు. రెండేళ్ళ ఫ్రెంచి లేకపోతే టెస్ చేరాలనుకునే నర్సింగు కాలేజీ వాళ్ళు దరఖాస్తు కూడా చూడరు.

"తెలుసు మదామ్. దాని గురించే రాత్రంతా ఆలోచించాను."

"ఆలోచించి?"

"పొద్దున్నే వచ్చాను కదా."

మదామ్ బీరువా పైఅర మీంచి పాత రిజిస్టర్లు దించింది. దుమ్ముకి ఇద్దరూ తుమ్మారు. యాభై ఏడో సంవత్సరం దాంట్లో, తనకి మూడు తరాల ముందు టీచరమ్మ గుండ్రటి దస్తూరీ. మదామ్ వేలు పెట్టి చదివింది. ఫిలిస్ టెరియో, పదహారేళ్ళు. ఫ్రెంచి పేరు ఎంచుకోమంటే ఇంటి నుంచి తెచ్చుకున్నది చెప్పింది, ఫిలోమెన్. మోటుగా ఉంది, పనికిరాదు. మోనిక్ ఇవ్వడమైనది. కింద వేరే సిరాతో, మార్చి నెలలో బడి మానేసింది, చెప్పుల ఫ్యాక్టరీ.

ఫ్రెంచి పిల్ల ఫ్రెంచి గదిలోకి ఫ్రెంచి పేరుతో వస్తే, విప్పి అక్కడ తగిలించి అద్దె ఫ్రెంచి పేరు తొడుక్కోమన్నారు. అదీ సంగతి.

మదామ్ రిజిస్టరు మూసింది. "ఇరవై రెండు జూన్లు" అంది. "ప్రతి జూన్లోనూ దీన్ని నేనే దులిపాను." మదామ్ లేచి ముప్పై ఒకటో కొక్కెం మీంచి కోటు తీసి, భుజాలు సరిచేసి, పరీక్ష కాగితాలు చుట్టే దళసరి కాగితంలో పెట్టి, దారంతో కట్టింది.

"నువ్వు తీసుకుపోతున్నావని రాయను. ఎవరిది వాళ్ళకి పంపించానని రాస్తాను" అంది. "మార్కుల సంగతి ఏం చెయ్యాలో మాత్రం నాకింకా తెలీదు. అబద్ధం చెప్పను."

వారమంతా ఆ పొట్లాం టెస్ మంచం కింద ఉంది. ముందే ఎందుకియ్యలేదంటే లొరీన్ వద్దంది. తొడిగాక కూడా తల్లి నోట మాట రాకపోతే ఏమైపోతానోనని ఆ బస్సు నడిపే మనిషికి వణుకు. గురువారమే చూద్దాం, ఒక్కసారే చూద్దాం అంది. గడ్డకట్టిన రోడ్డు మీద నలభై మంది పిల్లల్ని ఒంటిచేత్తో తిప్పే ఆడది, పొట్లాం దారం ముడి విప్పలేక కత్తెర వెతుక్కుంది.

డన్హమ్ నాలుగింటికే వచ్చాడు. గ్యారీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు, చొక్కా జేబులో హోము వాళ్ళ కాగితం. టెస్, లొరీన్ చెరో పక్కా పట్టుకుని మెమేర్‌కి కోటు తొడిగారు. కుడిచెయ్యి దూర్చడానికి కాసేపు పట్టింది. పదహారేళ్ళ పిల్లకి కుట్టింది, డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషికి సరిపోయింది. బొత్తాలు లొరీన్ పెట్టింది.

దుబాసీ అవసరం లేదని టెస్ చెబితే డన్హమ్ ఫోను పక్కన పెట్టాడు. "పేరేమిటో అడుగు."

టెస్ అడగబోయింది. మెమేర్ చెయ్యెత్తి ఆపింది. ఆ ప్రశ్న కోసం ఆమె యాభై అయిదేళ్ళుగా సిద్ధంగా ఉంది.

"ఫిలోమెన్" అంది డన్హమ్ కళ్ళలోకి చూస్తూ. "రాసుకో బాబూ. ఫిలిస్ అని రాసినావంటే మళ్ళీ కొట్టీసి రాయాల." తరవాత చూపు కిందికి దించింది. "ఆ బూట్లు ఎవుడు కుట్టినాడు? పక్క కుట్టు వొదిలీసినాది, నీల్లు లోనికి పోతన్నాయి. ఇప్పీసి పొయ్యి కాడ ఎట్టు. జొరమొస్తాది."

టెస్ ఒక్క మాట వదలకుండా చెప్పింది. డన్హమ్ తన బూట్ల వంక చూసుకున్నాడు. ఒంగి, విప్పి, మేజోళ్ళ కాళ్ళతో నడిచి పొయ్యి పక్కన పెట్టి వచ్చాడు. అప్పుడు మిగతావన్నీ అడిగాడు. ఏ నెల? నవంబరు, ఏటి మీద పొర కట్టీ నెల. ఇంట్లో ఎవరెవరు? బస్సు తోలేది నా కూతురు. ఈ గుంట నా మనవరాలు, బిషప్పులాగ మాటాడతాది గాని మంచిదే. ఆ గోడకి అంటుకుపోయినోడు నా కొడుకు.

"ఇంక నువ్వు నేల కాసి సూడకురా" అంది మెమేర్ గ్యారీతో. "పడ్డాను, లెగిసినాను. అయిపోనాది."

టెస్ అది చెబితే గ్యారీ మొహం పక్కకి తిప్పుకున్నాడు. జేబులో కాగితం తీసి నాలుగు మడతలు పెట్టాడు, ఎనిమిది మడతలు పెట్టాడు, ఇంక మడత పడకపోతే గుప్పిట్లో పెట్టుకున్నాడు. పొద్దున పూట తను వచ్చి కూచుంటానని లొరీన్‌తో అన్నాడు. మధ్యాహ్నం టెస్ ఎట్లాగూ వచ్చేస్తుంది.

ఎక్కడుంటారని డన్హమ్ అడిగాడు. ఈ ప్రశ్న అడగడానికి ఇప్పుడు ఆయనకి అధికారం వచ్చింది.

"ఇక్కడే. నా కుర్సీలో."

నాలుగో గడి టిక్కు కొట్టేసి ఆయన కాగితం ఆమె ముందు పెట్టాడు. ఎడంచేత్తో, మెల్లగా, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఆమె తన పేరు సంతకం చేసింది. జన్మలో మొదటిసారి. గీతలు వంకరపోయాయి. డన్హమ్ సిరా ఆరేదాకా ఊది, ఫైల్లో పెట్టుకుని, వెచ్చబడ్డ బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

లొరీన్ బీన్సు వేడిచేసింది. మెమేర్ కోటు విప్పనియ్యలేదు. రేపటి నుంచి బడిలో నీ పేరేటని టెస్‌ని అడిగింది. ఇప్పుడు తనకి అక్కడ పేరు లేదనీ, జూన్ దాకా ఉండదనీ, వచ్చే ఏడు మళ్ళీ మొదటి నుంచి చదవాలేమోననీ టెస్ ముక్కలు ముక్కలుగా చెప్పింది, తన బిషప్పు భాషలో.

మెమేర్ అంతా విన్నది. ఎడంచెయ్యి జేబులో పెట్టి పెన్సిలు ముక్క తీసింది. పంటిగాట్లు వేలితో తడిమి చూసుకుంది. తరవాత దాన్ని మనవరాలి చేతిలో పెట్టింది. జేబులోది తరవాత వచ్చేవాళ్ళది కదా.

"కూకో" అంది. "కాయితం తే. ముందు కుర్సీ కాడి నుంచి మొదలెడదాం."